మొగుడి పేరు తుడిచేదెవరు

మా నాన్న ప్రొద్దుటూరులో పురోహితుడు. పసిపిల్లలకు అక్షరాభ్యాసం చేయించడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. పళ్లెంలో బియ్యం పోసి, గుక్కపట్టి ఏడ్చే బిడ్డ వేలు పట్టుకొని, తల్లిదండ్రులు ఫోన్లో ఫొటోలు తీసుకునేలోగా ఓనమాలు దిద్దించి పంపేస్తాడు. అలాంటి మనిషి కూతురు వయోజన విద్యా కేంద్రంలో టీచరుగా చేరింది. ఇక చూడండి, ఇంట్లో నా బతుకు.

"ఏమ్మా, నీ పిల్లలకు పళ్లొచ్చాయా?" అని అడిగేవాడు, సాయంత్రం నేను గడప తొక్కగానే.

"వచ్చి ఊడిపోతున్నాయి నాన్నా," అనేదాన్ని.

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయేది.

నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే పిచ్చి, పంతులమ్మ కావాలని. మిద్దె మీద ఆరేసిన చీరలకు ఎక్కాలు చెప్పేదాన్ని. గాలికి కదిలిన చీరను గోడకుర్చీ వేయమని తిట్టేదాన్ని. పెద్దయ్యాక టీచరు ట్రైనింగు చేశాను, సర్కారు ఉద్యోగానికి పరీక్ష రాశాను, రాలేదు. మళ్లీ రాశాను, మళ్లీ రాలేదు. చుట్టాల్లో ఎవరి పెళ్లికి పోయినా "ఇంకా పరీక్షలేనా?" అన్న పలకరింపే. సరిగ్గా అప్పుడే రాజుపాలెం మండలంలో ఒక పల్లెలో, చదువురాని ఆడవాళ్లకు చదువు చెప్పే పని దొరికింది. ఎగిరి గంతేశాను.

నాన్న గంతేయలేదు. పులివెందులలో మా మేనమామకు బస్టాండు దగ్గర జిరాక్సు అంగడి ఉంది. మామకు నమ్మకమైన మనిషి కావాలి. "ఫ్యాను కింద కూర్చొని బటను నొక్కడమే కదా. ఎండలో ఆటోలెక్కి ఆ ముసలమ్మల వెంట పడే ఖర్మ నీకేం?" అని నాన్న రోజూ సాధించేవాడు. ఎవరో రాసిన కాగితాలు వేడివేడిగా బయటికి వస్తుంటే చూస్తూ కూర్చోవడమా, జన్మంతా? తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. శనగ కోతలయ్యాక జమ్మలమడుగు నుంచి ఆఫీసరు వచ్చి మా క్లాసుకు పరీక్ష పెడతారు. క్లాసు పాసైతే కేంద్రం నిలుస్తుంది, నేనూ నిలుస్తాను. తప్పితే కేంద్రం ఇంకో ఊరికి పోతుంది, నేను నోరు మూసుకొని పులివెందుల బస్సెక్కాలి. నాన్న ఆ మాట దేవుడి ముందు నాతో ఒట్టు వేయించాడు. ఆయన వృత్తి అలాంటిది, చిన్నదానికీ పెద్దదానికీ దేవుణ్ణి సాక్ష్యానికి పిలుస్తాడు.

ఊళ్లో మా క్లాసుకు చోటిచ్చింది ఒక అవ్వ. రైతు కుటుంబం, పెద్ద ఇల్లు, ఇంటి ముందు నాపరాతి బండలు పరిచిన విశాలమైన వాకిలి. పొద్దున్నే చేలలోకి పోయిన ఆడవాళ్లు మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చి, ఇంత తిని, మొహం కడుక్కొని, పలకలు చంకన పెట్టుకొని వచ్చేవాళ్లు. అందరిలోకీ అవ్వే పెద్దది, అవ్వే లీడరు. ఎవరైనా ఎగ్గొడితే ఇంటికి పోయి రెక్క పట్టుకొని లాక్కొచ్చేది. ఆమె తర్వాత నోరున్న మనిషి పిండిమిల్లు ఆయన భార్య, నేను మిల్లక్క అనేదాన్ని. టీ అంగడి ఆయన భార్యను వదినా అని పిలిచేదాన్ని. ఆమె నవ్వడం మొదలుపెట్టిందంటే ఇక పాఠం సాగదు.

అయితే వీళ్లందరి కంటే నన్ను ఎక్కువ సతాయించింది క్లాసులో లేని మనిషి. అవ్వ మొగుడు, పెద్దాయన. వసారాలో నులకమంచం మీద ఒత్తిగిలి పడుకొని, ప్రతి పాఠానికీ ఒక మాట విసిరేవాడు.

"ఏం పాపా, వీళ్లు ఇప్పుడు చదివి కలెకటర్లయితారా?"

"నీకు చదువొచ్చా తాతా?" అని ఒకనాడు కడుపుమండి అడిగేశాను.

"రాకేం? కండ్లద్దాలు యాడో పెట్టి మర్చిపోయినా గానీ."

ఆ కళ్లద్దాలు ఎప్పటికీ దొరకలేదు. ఊళ్లోకి పేపరొస్తే ఎవరో ఒకరిని పిలిచి చదివించుకొని, "తప్పు జదువుతాండావు, మళ్లా జదువు," అని పైగా దబాయించేవాడు.

ఓనమాలు గడిచాయి, గుణింతాలు గట్టెక్కాయి. ఎవరి పేరు వాళ్లు రాసుకున్న రోజు మా వాకిట్లో పండగే. మిల్లక్క తన పేరు మిల్లు తలుపు మీద సుద్దముక్కతో ఇంతింత అక్షరాలతో రాసుకుంది. వదిన తన పేరు పిల్లల నోటుపుస్తకాల అట్టలన్నిటి మీదా రాసిపెట్టింది, బడిలో పిల్లలు తిట్లు తిన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు, అంత సంతోషం.

పరీక్ష పేపర్లో ముందుగా తన పేరు, దాని కింద భర్త పేరు రాయాలని జమ్మలమడుగు ట్రైనింగులో చెప్పారు. నాకు అప్పుడైనా బుద్ధి ఉండాలి. మా అమ్మ పదో తరగతి పాసైన మనిషి. ఈనాటికీ ఎవరైనా నాన్న పేరు అడిగితే నా వైపు చూస్తుంది, చెప్పవే అన్నట్టు. అలాంటి ఇంట్లో పుట్టి కూడా, ఒక మంగళవారం నాడు, "ఇవాళ మీ ఆయనల పేర్లు రాద్దాం, ఒక్కొక్కరే చెప్పండి," అన్నాను.

వదిన నవ్వు కూడా ఆగిపోయింది.

"ఎట్ట జెప్పేది పాపా? నోటితోనా?" అంది అవ్వ.

"మరి దేనితో అవ్వా?"

చివరికి అవ్వే తెగించి, "కొండ మింద ఉంటాడు సూడు, వడ్డీలు గట్టే సామి, ఆ సామి పేరు," అంది. మిల్లక్క ముక్కు దగ్గర చెయ్యి పెట్టి తొండం ఊపింది. వదిన నల్లగా ఉంటాడంది, వెన్న తింటాడంది, ఇంకా ఏదో అనబోయి మెలికలు తిరిగిపోయింది. ఆ మధ్యాహ్నమంతా నేను పొడుపుకథలు విప్పుతూ కూర్చున్నాను.

"నోటితో అనకూడదు, సరే. చేత్తో రాయకూడదని ఎవరన్నా చెప్పారా?" అని అడిగాను.

అవ్వ తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. "అదీ నిజమే. చేతికి నోరు ల్యాదు గదా," అని తీర్పు చెప్పింది.

ఇక చూడాలి వాళ్ల రాత! సొంత పేర్లు వంకరటింకరగా రాసిన చేతులే మొగుళ్ల పేర్లు ముత్యాల్లా రాశాయి. నా సంబరం పట్టలేక, "భలే! ఇప్పుడు తుడిచేసి మళ్లీ రాయండి," అన్నాను.

అందరూ పలకలు ఒళ్లోకి లాక్కున్నారు.

"ఎవురిని తుడ్చమంటాండావు పాపా?" అంది అవ్వ, గొంతు తగ్గించి. "మంగళారం పూట, దీపం బెట్టే యాళ, మొగుని పేరు తుడ్చమంటావా? బొట్టు తుడ్చుకోమన్నట్టే గదా!"

"అయ్యో, అది బలపం పొడి అవ్వా!"

"కుంకుమ గూడా పొడే గదా. తుడ్చుకుంటామా?"

ఊరికే మాటలెందుకని తడిగుడ్డ తీసుకొని మిల్లక్క పలక మీదికి చెయ్యి చాచాను. ఆమె పలకను గుండెకు హత్తుకొని వెనక్కి జరిగింది. "మా ఆయప్ప జోలికి రావద్దు, చెప్తాండా!" అని గదిమింది.

మర్నాడు అందరూ ఉత్త చేతులతో వచ్చారు. పలకలు దేవుని గూళ్లలో కూర్చున్నాయి, కుంకుమ బొట్లతో, బంతిపూలతో. మంచం మీద పెద్దాయనకు ఒకపక్క గర్వం, ఒకపక్క మంట.

"సూడు పాపా, నాకు పొద్దున్నుంచి టీనీళ్లకు దిక్కు ల్యా. లోపల పలకకు మాత్రం కర్పూరం ముట్టిస్తాంది."

"పలక అరవదు గదా, అందుకే," అని ఇంట్లోంచి అవ్వ గొంతు వినబడింది.

ప్రొద్దుటూరు నుంచి కొత్త పలకలు తెచ్చాను. అవీ పూజకే పోయాయి. ఇట్లాగే సాగితే ఊళ్లో దేవుళ్లకు గూట్లో చోటుండదు, నాకు క్లాసుండదు. పరీక్ష దగ్గరికొస్తోంది. పేరు ఒక్కసారి రాసి గూట్లో పెట్టేస్తే చెయ్యి ఎట్లా తిరుగుతుంది? తిరిగిపోయే ఆటోలో జిరాక్సు మిషను గరగర నా చెవుల్లో మోగేది. నిజం చెప్తున్నాను, ఒకనాడు ఆటోలో ఏడ్చేశాను. పక్కన కూర్చున్నామె ఎవరైనా పోయారా అని అడిగింది. ఎవరూ పోలేదు, ఎవరినీ పోనివ్వరు, అదే నా బాధ అని చెప్పలేకపోయాను.

దారి చూపింది మా జిల్లా ఎండే. ఆ మర్నాడు చెంబెత్తి నీళ్లు తాగుతుంటే కొన్ని నీళ్లు వాకిట్లో బండ మీద ఒలికాయి. చెంబు దించి చూసేసరికి తడి లేదు. పెనం మీద పోసినట్టు ఎగిరిపోయింది. నాకు ఏదో తట్టింది. వేలు నీళ్లలో ముంచి బండ మీద పెద్దాయన పేరు రాశాను. అందరూ వంగి చూస్తుండగానే మొదటి అక్షరం నుంచి ఆరిపోతూ వచ్చి, పేరంతా మాయమైంది.

"ఎవరు తుడిచారు?" అన్నాను.

"ఎవురూ తుడ్చల్యా," అంది వదిన, నోరు తెరిచి. "ఎండ."

అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ ఆకాశం వైపు చూసింది. "అది సూర్యుని పని. దేవుడు తీసుకుంటే మనకు దోషం ల్యాదు," అంది. అంతే, ఎవరి చెంబు వాళ్లు తెచ్చుకున్నారు. వాకిట్లో ఒక్కొక్కరికి రెండేసి బండలు, పైబండ మీద మొగుడు, కిందిబండ మీద తాను. రాయడం, ఆరడం, మళ్లీ రాయడం. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉండేది. పైన ఎవరు, కింద ఎవరు అని నాకు పట్టనే లేదు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. పెద్దాయన టీ తాగడానికి పోవాలంటే వాకిలి దాటాలి.

"మామా! కాలు తీయ్! నా మొగుని గొంతు మింద నిలబడినావు!" అని వదిన కేక పెట్టింది ఒకరోజు. పాపం, ఆ వయసులో ఆయన ఎగిరి గంతేసి మిల్లక్క మొగుడి మీద పడ్డాడు. మిల్లక్క ఇంకా పెద్ద కేక పెట్టింది. ఆ తర్వాత ఆయన టీకి దొడ్డివాకిలి గుండా చుట్టూ తిరిగి పోయేవాడు, మమ్మల్నందర్నీ తిట్టుకుంటూ.

పరీక్ష రోజు ఆఫీసరు జీపులో దిగాడు. చెమట తుడుచుకుంటూ, గడియారం చూసుకుంటూ, ఒక్క మాట ఎక్కువ మాట్లాడని మనిషి. ఆడవాళ్లు పెళ్లికి కట్టుకునే చీరలు కట్టుకొని వచ్చారు. అలవాటుకొద్దీ చెంబులు కూడా తెచ్చారు, నేను కళ్లతో సైగ చేస్తే వెనక దాచారు. నన్ను దూరంగా నిలబడమన్నారు. వాళ్లు తలలొంచి రాయడం మొదలుపెట్టారు. పెన్ను అక్షరాన్ని ఎండ మింగేయదని తెలిసి కూడా అందరూ బుద్ధిగా రాశారు, అవ్వ అయితే పళ్లు బిగబట్టి రాసింది.

ఆఫీసరు ఒక పేపరు చూశాడు. ఇంకొకటి చూశాడు. అన్నీ తిరగేశాడు.

"ఏమ్మా, మీరు ఇక్కడ ఆడవాళ్లకు చదువు చెప్తున్నారా, మగవాళ్లకా?"

"ఆడవాళ్లకే సార్."

"ఈ పేపర్ల ప్రకారం వీళ్లందరూ మగవాళ్లు. వీళ్ల భర్తలందరూ ఆడవాళ్లు."

పేపరు లాక్కున్నంత పని చేశాను. పేరు అన్నచోట మొగుడి పేరు, భర్త పేరు అన్నచోట తన పేరు. ఒక్కరు కాదు, అందరూ అంతే, ఒక్క తప్పు అక్షరం లేకుండా.

"అవ్వా! పైన నీ పేరు కదా రాయాలి!"

"మొగుని నెత్తిన ఎక్కి కూసోమంటావా పాపా?" అంది అవ్వ, నేనేదో పాపపు మాట అన్నట్టు. "బండ మింద గూడా ఆయప్ప పైనే గదా ఉన్నింది. దినామూ చూస్తానే ఉంటివే!"

నిజమే. దినమూ చూసి మురిసిపోయిన గాడిదను నేనే.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. "కంగారెందుకు? రాసినదాని మీద అడ్డంగా గీత గీసి, పక్కన సరిగ్గా రాయమనండి. వేరే పేపర్లు లేవు. తొందరగా కానివ్వండి, నేను పెద్దముడియం పోవాలి," అన్నాడు.

గీత అన్న మాట వినగానే పెన్నులన్నీ కింద పెట్టేశారు.

"తుడ్చేదే తప్పంటే, ఈయప్ప గీకమంటాడే!" అంది మిల్లక్క.

"మీరు గీయండి సార్," అని బతిమాలాను. పేపరు మీద తన చేతిరాత పడకూడదన్నాడు. నేను గీస్తానన్నాను, నేను అసలే తాకకూడదన్నాడు. ఆడవాళ్లను బతిమాలాను. అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ కోసరం ఏమన్నా జేస్తా పాపా, ఇది మాత్రం నా చేత గాదు," అంది. ఆ మాట అనడానికి ఆమె ఎంత బాధపడిందో చూశాక నాకు కోపం కూడా రాలేదు. ఆఫీసరు ఇక లాభం లేదని తన రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీశాడు. నా కళ్లకు పులివెందుల బస్సు కనబడింది, కిటికీ పక్క సీటుతో సహా.

అప్పుడు వసారాలోంచి కేక వినబడింది.

"ఓ సారూ! నా పేరు మింద గీత నేనే పెట్టుకుంటే ఎవురికన్నా నొప్పా?"

అందరం తిరిగి చూశాం. పెద్దాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "పేరు నాది. నా చేత్తో నేను గీసుకుంటా. అప్పుడు దానికి దోషం రాదు, నాకూ రాదు. ఏమంటావు?"

ఆఫీసరు గడ్డం గోక్కున్నాడు. "మొగుడు గీయకూడదని ఎక్కడా రాయలేదు. కానివ్వు," అన్నాడు.

పెద్దాయన పంచె సర్దుకొని, ఠీవిగా నడిచొచ్చి, అవ్వ పక్కన చతికిలబడ్డాడు. పెన్ను తీసుకున్నాడు. పేపరు మీదికి వంగాడు. అంతే, పెన్ను గాల్లో ఆగిపోయింది. పై వరస చూశాడు, కింది వరస చూశాడు, మళ్లీ పైకి చూశాడు. "కండ్లద్దాలు..." అని గొణిగాడు.

ఆయనకు చదువు రాదు. ఆ రెండింటిలో తానెవరో ఆయనకు తెలియదు. ఇన్నాళ్లూ పేపరు చదివించుకొని తప్పులు పట్టిన మనిషి, ఊరందరి ముందూ పెన్ను పట్టుకొని దొరికిపోయి కూర్చున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

అవ్వ ఆయన వైపు చూడలేదు. ఆఫీసరు వైపే చూస్తూ, పేపరు సర్దుతున్నట్టుగా చెయ్యి జరిపి, పై వరస మీద వేలు పెట్టింది.

"ఇది నువ్వు," అంది, మెల్లగా.

ఆయన ఆ వేలి కింది అక్షరాలను చాలాసేపు చూశాడు. "ఇంతేనా?"

"ఇంతే."

"మరి నువ్వు యాడుండావు?"

వేలు కింది వరసకు దిగింది. "ఈడ."

ఆయన తన మీద తాను వంకరగా ఒక గీత గీసుకున్నాడు. తన పేరు మీద గీత పెట్టుకోవడానికి అవ్వకు ఏ అడ్డమూ లేదు, చటుక్కున గీసేసింది. ఇక సరిగ్గా రాయాలి. పైన తన పేరు రాయడానికి మళ్లీ చెయ్యి వెనకాడింది.

"ఎక్కి కూసో, ఏం గాదు," అన్నాడు పెద్దాయన, పోయిన గొంతు తిరిగి తెచ్చుకొని. "ఇన్నేండ్లు ఎక్కకుండా ఉన్నట్టు!"

వదిన నవ్వు మొదలైంది. ఇక ఆగలేదు. నవ్వుతూనే పరుగెత్తి టీ అంగడి నుంచి మొగుణ్ణి లాక్కొచ్చింది. మిల్లు ఆయన ఒళ్లంతా పిండితో వచ్చాడు, పేపరు మీద పిండి రాలితే ఆఫీసరు ఊదుకున్నాడు. చేలల్లో ఉన్నవాళ్లకు ఫోన్లు పోయాయి. ఒక్కొక్కరే వచ్చి, వాకిట్లో కూర్చొని, పెళ్లాం వేలు చూపించిన చోట తమ మీద తాము గీతలు గీసుకొని లేచిపోయారు. ఆఫీసరు పెద్దముడియం సంగతి మర్చిపోయి వదిన తెచ్చిన టీ తాగాడు. మా క్లాసు పాసైంది.

ఇంటికి పోయేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమైంది?"

"పాసయ్యారు నాన్నా. మొగుళ్లతో సహా."

జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వి నవ్వి, మామకు తనే ఫోన్ చేసి వేరే మనిషిని చూసుకోమన్నాడు. నేను బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకొని, కరువుదీరా ఏడ్చాను. ఈసారి ఏడుపు వేరే.

మర్నాడు క్లాసుకు పోతే నులకమంచం ఖాళీగా ఉంది. పెద్దాయన వాకిట్లో, ఆడవాళ్లకు కాస్త ఎడంగా, మొహం అటు తిప్పుకొని కూర్చున్నాడు. ఒళ్లో కొత్త పలక. కళ్లద్దాల మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"నీ పేరు రాసివ్వనా తాతా?"

"నాది వద్దు పాపా, నిన్న చూసినా గదా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "దానిది రాసియ్యి."

ఆయన ఆమెను పేరు పెట్టి పిలవగా నేనెన్నడూ వినలేదు. ఏమే అనేవాడు, ఓమే అనేవాడు. అవ్వ పేరు పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. నాలుక బయటపెట్టి, మోకాలి మీద పలక ఆనించి, సాయంత్రం దాకా దాన్నే దిద్దాడు. అవ్వ తన బండ మీద నీళ్లతో రాస్తూ, ఓరకంట చూస్తూ, చూడనట్టే ఉంది. చివరికి ఆయనంతట ఆయనే పక్కన ఒకసారి రాశాడు. అక్షరాలు తూలుతున్నాయి, కానీ అవ్వే.

"శానా బాగుంది తాతా. ఇప్పుడు తుడిచేసి మళ్లీ రాయి."

ఆయన పలకను గుండెకు హత్తుకొని, నన్ను ఎగాదిగా చూశాడు.

"యాడ తుడ్చేది పాపా? పో, ఇంగో పలక తే," అని లేచి ఇంట్లోకి పోయాడు. కాసేపటికి లోపల అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది, కర్పూరం వాసన వాకిట్లోకి వచ్చింది.

"సూడండమ్మే," అంది అవ్వ, లోపలికి వినబడేట్టు గొంతు పెంచి. "పలకకు కర్పూరం ముట్టిస్తాండాడు గానీ, నాకు ఒక దినమన్నా టీనీళ్లు కాసిచ్చినాడా?"